ఇంట్లో తొడుక్కునే చెప్పులు

"ఆ సూదుల మిషన్లో చెయ్యి పడితే ఏం గతి?"

ఈ మాట నేనన్నప్పటికి మా గుణశేఖర్ ఆ మిషన్ని కళ్ళతో కూడా చూడలేదు. పులివెందుల పక్కన కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని ఫోన్లో కాగితం చూపిస్తాండాడు, అంతే. ఆ ఫ్యాక్టరీలో వేల సూదులుండే మిషన్ ఒకటుందని నోరు జారినాడు. వాళ్ళ నాయన నవ్వి, వాడింకా బస్సే ఎక్కలేదు, నువ్వు అప్పుడే చెయ్యి తీసేస్తివి అన్నాడు.

నా పేరు భాగ్యలక్ష్మి. మాది ప్రొద్దుటూరు. మా ఆయన రామాంజులు శెట్టికి బట్టల అంగడి. నేను ఎనిమిదో తరగతి దాకా చదివినాను. మా వాడి బస్సు అరగంట ఆలస్యమైతే చాలు, ముద్దనూరు కాడ అది పల్టీ కొట్టిందని నా మనసులో అప్పుడే వార్త వచ్చేస్తుంది. ఈ ప్రేమ కథ నాది కాదు, మా వాడిది. దాన్ని చెడగొట్టింది నేను గనక చెప్పాల్సింది కూడా నేనే.

ఫ్యాక్టరీలో ఏం చేస్తారని అడిగితే లెదర్ అన్నాడు.

మా ఇంట్లో తోలు గడప దాటదు. మా అత్త కాలం నుంచీ అంతే. వీధి తలుపు పక్కన గోడకు ఒక మేకు ఉంటుంది, మగవాళ్ళు బెల్టు విప్పి దానికి తగిలించి లోపలికి రావాల్సిందే. మా ఆయన గడియారానికి స్టీలు పట్టీ. శెట్ల ఇంట్లో పుట్టి తోళ్ళ ఫ్యాక్టరీకి పోతావా నాయనా అని నేను ఏడవబోతే, మా వాడు నా భుజాలు పట్టుకొని కూర్చోబెట్టినాడు.

"జంతువులూ ల్యా, తోళ్ళూ ల్యా. ఇది మైక్రోఫైబర్ సింథటిక్ లెదర్. తోలు మాదిరి ఉంటది, తోలు కాదు. మనం అమ్మే నైలాన్ చీర ఉందే, దానికి దూరపు చుట్టం."

మొదటి ఆదివారం ఇంటికొస్తా అరచేయంత ముక్క ఒకటి తెచ్చినాడు. గోధుమ రంగు. నేను ముట్టుకోలేదు. మా ఆయన అంగట్లో గుడ్డ చూసినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్ది చూసి, బాగుందిరా అన్నాడు. అప్పుడు మా వాడు అది ఎట్ట తయారవుతుందో చెప్పినాడు. వాళ్ళ నాయనది బట్టల వ్యాపారం కాబట్టి ఇష్టంగా విన్నాడు. నేను వంకాయలు తరుగుతా విన్నాను.

రెండు రకాల ప్లాస్టిక్ గింజలు కరిగించి ఒకే దారంగా తీస్తారంట. అందులో ఒక రకాన్ని సముద్రం అంటారు, ఇంకో రకాన్ని దీవులు అంటారు. ఒక్కొక్క దారం లోపల పదులకొద్దీ దీవులు దాక్కొని ఉంటాయి. ఆ దారాలను చిన్నగా కోసి, దూది ఏకినట్టు ఏకి, పరుపు మాదిరి పరిచి సూదుల మిషన్ కిందికి పంపిస్తారు. వేల సూదులు పైకీ కిందికీ పొడిచి దారాలన్నిటినీ చిక్కుపెడతాయి. నేత లేదు, పడుగూ పేకా లేవు, అంతా చిక్కే. దాన్ని పాలియురెథేన్ అనే జిగురులో ముంచి, నీళ్ళతొట్టిలో గట్టిపడనిచ్చి, ఆ తర్వాత మందునీళ్ళలో కడుగుతారు. కడిగితే సముద్రం కరిగి పోతుంది, దీవులు మాత్రం మిగులుతాయి. అవి వెంట్రుకను నిలువునా వంద చీలికలు చేసినంత సన్నం. అందుకే అంత మెత్తన. పైన గరుకు కాగితంతో రుద్ది, రంగేసి, తోలు గీతలు అచ్చుపోసిన కాగితం మీదినుంచి సన్నని పొర ఒకటి దీనికి అతికిస్తారు. కారు సీట్లకూ, సోఫాలకూ, బూట్లకూ పోతుంది.

"నువ్వు ఆ సూదుల కాడ నిలబడతావా?" అని అడిగినాను.

"నేను క్వాలిటీలో మా. అంతా అయిపోయినాక కొలిచి సంతకం పెట్టేది నేను."

అయినా నాకు నమ్మకం కుదరలేదు. ప్రతి సోమవారం వాడు బస్సెక్కే ముందు పది వేళ్ళూ చూసి పంపేదాన్ని. ఆదివారం రాగానే మళ్ళీ చూసేదాన్ని.

ఆదివారాలు కూడా రానురాను మధ్యాహ్నం దాటినాక వచ్చేవాడు. ముద్దనూరులో బస్సు చెడిపోయింది అనేవాడు. ఆ బస్సు వారం వారం అక్కడే ఎందుకు చెడిపోతుందని నాకు అనుమానం రాలేదు. నా భయాలు నాకే సరిపోయేవి.

ఇంతలో నా కాలి సంగతి వచ్చి పడింది.

నాకు షుగరు వచ్చి ఎనిమిదేండ్లు. ఎడమ పాదం మొద్దుబారి రెండేండ్లయింది, ఎవరికీ చెప్పలేదు. చెప్తే డాక్టరు ఏమంటాడో అని భయం. ఒకరోజు మా పక్కింటి సకీనా పూలు ఇచ్చిపోయేదానికి వచ్చి, అక్కా, నేల మీద ఈ ఎర్ర చుక్కలు ఏంది అనింది. చూస్తే నా చెవి కమ్మ మర ఒకటి అరికాలిలో దిగబడి ఉంది. ఆ మర పోయి రెండు రోజులైంది. రెండు రోజులు దాని మీదనే నడిచినాను, నాకు తెలీలేదు.

సకీనా మొగుడు కువైట్లో ఉంటాడు. ఆస్పత్రికి తీసకపోయింది ఆమే. డాక్టరు పుండు కడిగి, ఇంక ఒక్క అడుగు కూడా వట్టికాళ్ళతో వేయద్దు అన్నాడు. ఇంట్లో కూడా. వంటింట్లోనా అన్నాను. వంటింట్లో కూడా. దేవుని గదిలోనో అన్నాను. కాలు కావాలా వద్దా అని అడిగినాడు.

మొద్దుబారిన పాదాలకు మెత్తటి రబ్బరుతో వేరే చెప్పులు కుడతారంట. వెనక పట్టీ ఉంటుంది, జారిపోవు. జమ్మలమడుగులో ఒక ఇంటివాళ్ళు తాతల కాలం నుంచీ కుడతాండారని డాక్టరు చెప్పినాడు. పట్టీలు దేంతో చేస్తారని అడిగితే, తోలు అన్నాడు. నేను లేచి వచ్చేసినాను.

ఆ ఆదివారం మా వాడికి చెప్తే వాడి ముఖం వెలిగింది. అమ్మ కాలు పాడవుతాంటే ముఖం వెలిగిపోయే కొడుకును చూసి నాకు ఇంకో భయం పట్టుకునింది. జమ్మలమడుగులో ఆ చెప్పులు కుట్టే పాప నాకు తెలుసు మా, తోలు బదులు మా ఫ్యాక్టరీ సరుకుతో కుడుతుంది అన్నాడు. చెవులు ఎర్రగా అయినాయి.

జమ్మలమడుగులో పాత మిషనరీ ఆస్పత్రి దాటినాక ఒక సందు, ఆ సందులో రేకుల షెడ్డు. వాకిట్లో ముసలాయన ఒకరు నేల మీద కూర్చొని కత్తితో రబ్బరు కోస్తాండాడు. పేరు దేవదానం. నలభై ఏండ్లుగా ఆ పనే. గోడకు యేసుప్రభువు పటం ఉన్న క్యాలెండరు. దాని కింద రెండు చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి తోలు, ఒకటి మా వాడి ఫ్యాక్టరీది. రెండూ ఒకటే గోధుమ రంగు. అది చూసినాను, మనసులో పెట్టుకున్నాను.

ఆయన మనవరాలు ప్రశాంతి. ఇరవై నాలుగేండ్లుంటాయి. జుట్టు పైకి చుట్టి దాంట్లో పెన్సిల్ గుచ్చుకొని ఉంది. నా కాలు కాగితం మీద పెట్టించి, ఆ పెన్సిలే తీసి చుట్టూ గీత గీసింది. మళ్ళీ జుట్టులోనే గుచ్చుకునింది. తర్వాత కడ్డీకి కొసన నైలాన్ దారం ఉన్నదొకటి తీసి, కళ్ళు మూసుకోండమ్మా, తగిలినప్పుడు చెప్పండి అనింది.

తెలీలేదంటే కాలు తీసేస్తారని నా లెక్క.

"తెలిసింది," అన్నాను. కాసేపాగి, "తెలిసింది." ఇంకాసేపాగి మళ్ళీ, "తెలిసింది."

"మూడోసారి నేను పెట్టనే లేదమ్మా."

మా వాడు వెనక నుంచి నవ్వినాడు. ఆ పాప తలెత్తి వాడి వైపు చూసింది. "నవ్వుతాండావా? మీ ఇంట్లో పరీక్షలు ఇట్నే పాసవుతారా?" అని, నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "కాళ్ళ కాడ అబద్ధం చెప్తే నష్టం మీకేనమ్మా."

నాకు కోపం వచ్చింది. కానీ ఆ పాప నా పాదం ఒళ్ళో పెట్టుకొని పుండు ఎక్కడుందో వేలితో వెతికిన తీరు చూస్తే కోపం నిలబడలేదు. మా వాడు మధ్యలో దూరి, పట్టీ ఇరవై అయిదు మిల్లీమీటర్లు పెడితే బలంగా ఉంటుంది అన్నాడు.

"నీ మిల్లీమీటర్లు ఫ్యాక్టరీలో పెట్టుకో అప్పా. ఈడ అమ్మ కాలు కొలత."

"సరుకు నాది."

"కాలు నీది కాదు గదా."

ముసలాయన కత్తి ఆపకుండానే నవ్వుకుంటాండాడు. ఈ తగాదా ఆయనకు అలవాటైనట్టుంది. అప్పుడు తట్టింది నాకు, బస్సు చెడిపోయేది ముద్దనూరులో కాదని.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగినాను. వాడు దాచలేదు. కిటికీ వైపు చూస్తా మొత్తం చెప్పేసినాడు.

నిరుడు వానాకాలంలో ఆ పాప ఒక్కతే పులివెందుల దాకా పోయి, ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మెన్‌తో పోట్లాడి, వీడి టేబుల్ మీద తెగిన పట్టీ ఒకటి విసిరేసింది. మీ మైక్రోఫైబర్‌కు బొబ్బలు వచ్చినాయి చూడండి అనింది. పైపొర పెచ్చులు లేచి, ఒక పేషంటు వేలు గీసుకపోయిందంట. వీడు ఆ పట్టీ తిప్పి చూసి, పొర పూర్తిగా లాగేసినాడు. లోపల నేసిన గుడ్డ కనబడింది. ఇది రెక్సిన్, మా సరుకులో పడుగూ పేకా ఉండవు, నీకెవరో పేరు మార్చి అంటగట్టినారు అన్నాడు. ఆ పాప నమ్మలేదు. వీడు తమ ముక్క ఒకటి చించి చూపించినాడు. గుడ్డ లేదు, వెంట్రుకల కంటే సన్నని చిక్కు.

"అప్పుడు ఏం చేసింది తెలుసా మా? ఒక్క నిమిషం చూసి, అయితే తప్పు నాది, గట్టిగా మాట్లాడినాను, క్షమించు అనింది. అంత తొందరగా తప్పు ఒప్పుకున్న మనిషిని నేను చూళ్ళేదు."

మా ఇంట్లో తప్పు ఒప్పుకునేదానికి కనీసం ఒక పండుగ రావాల.

తర్వాత కథ వాన. నమూనాకని ఒక చుట్ట చంకన పెట్టుకొని వీడు బస్టాండు దాకా తోడు పోయినాడు. ఉన్నట్టుండి వాన దంచింది. వీడు పెద్ద మగాడి మాదిరి ఆ చుట్ట విప్పి ఇద్దరి తలల మీదా పట్టినాడంట. అది పైపొర వేయని ముక్క. నీళ్ళు తాగేసి, పిండినట్టు ఇద్దరి నెత్తిమీదా కార్చింది.

నీ సరుకు గొడుగుకు పనికి రాదప్పా అని ఆ పాప నవ్విందంట. తోలయితే ఇట్ట తడిసి ఆరితే కట్టె మాదిరి బిగుసుకుంటది, ఇది ఆరినాక మళ్ళీ మెత్తగానే ఉంటది అని వీడు. అయితే ఆరినాక తెచ్చి చూపించు అని ఆ పాప.

"చూపించేదానికి ఆ ఆదివారం పోయినా," అన్నాడు మా వాడు. "ఆ తర్వాత ఆదివారం కూడా పోయినా."

"పిడుగు పడుంటే?" అన్నాను నేను.

వాడు నా వైపు తిరిగి, "మా, ఆ పాపనే చేసుకుంటాను," అన్నాడు.

ఇంటికొచ్చే లోపల నాకు ఎన్ని భయాలు వచ్చినాయో చెప్పలేను. వాళ్ళ దేవుడు వేరే. వాళ్ళ తాత చేతులు నలభై ఏండ్లు తోలులో ఉన్నాయి. బజారులో శెట్లు ఏమంటారు, మా ఆడబిడ్డ ఏమంటుంది. మా ఆయనకు చెప్తే, చెప్పులు రానీ, చూద్దాం అన్నాడు. మా ఆయన ఏ సంగతికైనా ముందు సరుకు చూద్దాం అంటాడు.

చెప్పులు పది రోజులకు వచ్చినాయి. నిజం చెప్పాలంటే నా జన్మలో అంత మెత్తటివి తొడగలేదు. పుండు మీద ఎక్కడా ఒరుసుకోలేదు. ఆ పాప ఫోన్ చేసి, వంటింట్లో కూడా తొడుక్కోండమ్మా, దాంట్లో తోలు ముక్క కూడా లేదు అని చెప్పింది. సరే అన్నాను.

శుక్రవారం తలకు పోసుకొని దీపం పెట్టుకొనేటప్పుడు, ఆ రెండు చుట్టలు గుర్తొచ్చినాయి. రెండూ ఒకటే రంగు. ముసలాయనకు చూపు తక్కువ. పొరపాటున తోలు కోసి ఉంటే? పొరపాటు కాకుండానే కోసి ఉంటే? నేను దేవుని గదిలో నిలబడి ఉన్నాను, చెప్పులు కాళ్ళకు ఉన్నాయి.

మా అత్త నాకు నేర్పిన విద్య ఒకటుంది. అంగట్లోకి పట్టు వస్తే అంచులో పోగు తీసి దీపానికి పెట్టాలి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే అసలు పట్టు. ముడుచుకొని పూస మాదిరి గట్టిపడితే నైలాన్. తోలు కాలినా వెంట్రుకల వాసనే. ముప్పై ఏండ్లు నేనే ఆ పరీక్ష చేసినాను. మా ఆయన కూడా నా ముక్కు మీదనే నమ్మకం పెట్టుకుంటాడు.

బకిల్ కింద మిగిలిన కొసను కత్తెరతో గోరంత కోసినాను. అద్దాలు పెట్టుకోలేదు, వంటింట్లో ఉన్నాయి. పట్టుకారుతో పట్టుకొని, బాగా కనబడాలని దీపం మీదికి వంగినాను.

వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమనింది.

ఆ ముక్క పట్టుకారు జారి నూనెలో పడిపోయింది. చెప్పులు విప్పి, వీధి తలుపు బయట మేకు కింద పెట్టినాను. తర్వాత ఫోన్ తీసి ఆ పాపకే చేసినాను. వెనక కుట్టు మిషన్ చప్పుడు వినబడతాంది.

"ఇది తోలు. కాల్చి చూసినాను. మీ ఇంట్లో అబద్ధాలు చెల్లుతాయేమో, మా ఇంట్లో చెల్లవు. మీ చేతులకు ఆ పని అలవాటు, పోదు. మా వాడి జోలికి రావాకు."

కుట్టు మిషన్ చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి ఫోన్ కట్టయింది.

ఆ ఆదివారం మా వాడు వచ్చినాడు. ఇడ్లీలు ముందర పెట్టుకొని తినకుండా కూర్చున్నాడు.

"ఆ చుట్ట మా లైన్లోదే మా. నేనే కొలిచి సంతకం పెట్టినా. నువ్వు ఆ పాపను కాదు, నన్ను అబద్ధాలకోరు అన్నావు."

వాసన అబద్ధం చెప్పదు అన్నాను నేను.

ఆ తర్వాత వాడు ఆదివారాలు రావడం మానేసినాడు. ఫ్యాక్టరీలో పని ఎక్కువ అనేవాడు. ఆ పాప వాడి ఫోన్ కూడా ఎత్తడంలేదని మా ఆయన చెప్తే తెలిసింది. వాడు జమ్మలమడుగుకు పోతే, ముసలాయన మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడినాడంట, ఆ పాప మాత్రం తలెత్తలేదంట. మీ ఇంటి మనిషి నన్నంత మాట అంటే మీ ఇంటికి నేనెట్ట వస్తాను అని కూడా అనలేదంట. నలభై రోజులు గడిచినాయి. నేను వట్టికాళ్ళతోనే తిరుగుతాండాను. వాడి పది వేళ్ళూ చూసి నలభై రోజులైంది.

అప్పుడు సకీనా ఖాజీపేట నుంచి వచ్చింది. చెల్లెలి కాన్పుకని పోయి నెలన్నర అక్కడే ఉన్నింది. వచ్చీ రాగానే మల్లెపూలు తెచ్చి, రా అక్కా జడ వేస్తానని నన్ను వాకిట్లో కూర్చోబెట్టుకునింది. పాపిట తీస్తా తీస్తా ఆగిపోయింది.

"అక్కా, ముందర ఈ జుట్టేంది ఇట్టుండాది? కాల్చినట్టు బిరుసుగా పొట్టిగా. గ్యాస్ పొయ్యి మీదికి వంగినావా?"

"యాడ?"

"ఇదో, ఈడ నొసటి పైన. పిడికెడు పోయింది."

వేలితో తడిమి చూసుకున్నాను. నిజమే. నాకు చూపు సరిగా ఆనదు, అద్దంలో బొట్టు పెట్టుకునే చోటు తప్ప చూసుకోను. మా ఆయనను పిలిచి అడిగితే, నేను ఎప్పుడో చూసినా, అదేదో ఫ్యాషన్ అనుకున్నా అన్నాడు.

శుక్రవారం. తలకు పోసుకున్నాను. జుట్టు విరబోసుకొని ఉంది. దీపం మీదికి వంగినాను.

నా కాళ్ళు చల్లబడినాయి. మొద్దుబారిన కాలు కూడా.

సకీనాకు చెప్తే ఆమె నవ్వలేదు, అయ్యో అల్లా అనింది, ఆ తర్వాత మాత్రం ఆపుకోలేకపోయింది. మేకు కింద ఉన్న చెప్పు తెప్పించి, ఇంకో గోరంత కోయించినాను. పట్టపగలు, వాకిట్లో, నా తలకు తువ్వాలు చుట్టి, అద్దాలు పెట్టించి, సకీనానే అగ్గిపుల్ల గీసింది. ఆ ముక్క ముడుచుకునింది. చిటపటమని కరిగి నల్లగా పూసైంది. గట్టిపడినాక గోటితో కొడితే టక్కుమనింది. వాసన మా అంగట్లో నైలాన్ చీర వాసన. తర్వాత దువ్వెనలో చిక్కుకున్న నా వెంట్రుక ఒకటి తీసి కాల్చినాము. అదే ఆ శుక్రవారం నాటి వాసన.

మా ఆయన తలుపు కాడ నిలబడి అంతా చూసినాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. అంగట్లోకి పోయి, ఆకుపచ్చ చీర ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టినాడు.

"ఆ పాపకు అనుమానం ఉంటే దీన్ని కాల్చి చూసుకోమను. అసలు పట్టు."

బజారులో శెట్లు ఏమంటారని అడిగినాను. నీ జుట్టు చూసి ఎట్లాగూ ఏదో ఒకటి అంటారు, దాంతోపాటే ఇదీ అననీ అన్నాడు.

నేను ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. చెప్పులు తొడుక్కున్నాను. టైరు పగులుతుందేమో, డ్రైవరు నిద్రపోతాడేమో అని జమ్మలమడుగు దాకా ముందు సీటు కడ్డీ వదల్లేదు. కానీ అన్నిటికంటే పెద్ద భయం వేరే ఉన్నింది. ఆ పాప తలుపు వేసేస్తే, మా వాడికి ఇంక ఆదివారాలు ఉండవు.

దేవదానం తాత నన్ను చూసి, కత్తి పక్కన పెట్టి, కుర్చీ తుడిచినాడు. రామ్మా, కూర్చో అన్నాడు. అంతే. ఆ పాప మిషన్ కాడ ఉంది. తలెత్తలేదు. పట్టీ కుడతానే ఉంది.

బస్సులో ఏమేమో సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ రాలేదు. తల మీది కొంగు తీసి, ముందర కాలిన జుట్టు చూపించినాను.

"పాపా, ఆ వాసన దీనిది. నీ పట్టీది కాదు. దీపం మీదికి వంగి నా జుట్టు నేనే కాల్చుకొని, నిన్ను అబద్ధాలకోరు అన్నాను."

ముసలాయన నవ్వు దాచుకుంటా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదుల్తాండాయి. మిషన్ మాత్రం ఆగలేదు.

"ఇంకోటి కూడా చెప్పాల," అన్నాను. "అది తోలే అయినా ఆ మాట నేను అనకూడదు. మీ తాత నలభై ఏండ్లు ఊళ్ళోవాళ్ళ కాళ్ళు కాపాడినాడు. నేను ముప్పై ఏండ్లు చీరలు కాల్చి చూసినాను. అంతే నేను చేసింది. మీ చేతులని అన్న మాట వెనక్కి తీసుకునేదానికి వచ్చినా. ఫోన్లో అన్నాను గదా, మీ తాత ముందర తీసుకుందామని ఇంత దూరం వచ్చినా."

మిషన్ ఆగింది.

ఆ పాప లేచి వచ్చి నా ముందర నేల మీద కూర్చునింది. ముఖంలో ఏముందో నాకు తెలీలేదు. నా ఎడమ కాలి చెప్పు విప్పి, పాదం ఒళ్ళో పెట్టుకొని, నలభై రోజులు వట్టికాళ్ళతో తిరిగిన అరికాలిని చూసింది. కొత్తగా ఒక బొబ్బ ఉన్నింది. దాని చుట్టూ వేలితో తడిమింది. తర్వాత గూట్లోంచి ఆ నైలాన్ దారం కడ్డీ తెచ్చింది. ఈసారి నేనే కళ్ళు మూసుకున్నాను.

చాలాసేపు ఏమీ కాలేదు.

"తెలీడంల్యా," అన్నాను.

మళ్ళీ చాలాసేపు.

"తెలీడంల్యా పాపా."

భయం వేసింది. కాలు పోయిందేమో అనుకున్నాను. అయినా తెలిసిందని చెప్పలేదు. ఇంకాసేపటికి మడమ కాడ చీమ పాకినట్టు అనిపించింది.

"ఇప్పుడు తెలిసింది. మడమ కాడ."

కళ్ళు తెరిచినాను. ఆ పాప కడ్డీ పక్కన పెట్టింది. నేను బ్యాగులోంచి చీర తీసి ఇద్దామనుకొని, ధైర్యం చాలక, ఒళ్ళోనే పెట్టుకున్నాను.

"మా గుణ ఇడ్లీ కూడా తినడంల్యా," అన్నాను. "వాడికి ఏం చెప్పమంటావు?"

సందులో ఆటో ఒకటి పోయింది. ముసలాయన కత్తి చేతిలోకి తీసుకొని, కోయకుండా అట్నే పట్టుకున్నాడు. ఆ పాప బొబ్బకు మందు రాసింది, దూది పెట్టింది, చెప్పు తొడిగింది. పట్టీ బిగించబోయి, నేను కత్తెరతో కోసిన చోటు చూసింది. ఒక చోట కాదు, రెండు చోట్ల. దాని మీద బొటనవేలు పెట్టి అట్నే ఉండిపోయింది.

తర్వాత తన జుట్టులోంచి పెన్సిల్ లాగింది. లేచి, నా వెనకకు వచ్చింది. నా జుట్టు రెండు చేతుల్తో పైకి చుట్టి, ఆ పెన్సిల్ దాంట్లో గుచ్చింది.

"ఆదివారం రమ్మను," అనింది. "నువ్వు మాత్రం దీపం కాడికి పోయేటప్పుడు ఇట్ట ముడేసుకో, అత్తా."